పెట్టె పక్కన ఫోటో

పామిడిలో నైటీలు కుట్టే ఎస్తేరుకు నవ్వొచ్చినా ఏడుపొచ్చినా కొంగు నోటికి అడ్డం పెట్టుకునే అలవాటు. అణకువ పుట్టుకతోనే వచ్చింది అనేవాళ్ళు చూసినవాళ్ళు. పుట్టుకా, పాడా! పెద్దక్క అనే వాళ్ళమ్మ గిల్లి గిల్లి నేర్పింది. మోచేతి పైన, జాకెట్టు అంచు కింద, నలుగురికీ కనబడనిచోట గిల్లేది.

కొడుకు ఇమ్మానుయేల్ జ్వరంతో పోయేనాటికి వాడింకా బడి పిల్లవాడు. సమాధికి తీసుకెళ్ళే ముందు శవపెట్టె చుట్టూ ఇంటివాళ్ళంతా నిలబడి ఫోటో దిగడం వాళ్ళలో రివాజు. ఎస్తేరు పెట్టె మీద పడబోయింది. పక్కనే ఉన్న పెద్దక్క గట్టిగా గిల్లింది.

"ఫోటో తీస్తాండారు. గమ్మున నిలబడు."

నిలబడింది. ఆ ఫోటోలో ఆమె మొహం చూసి ఎంత గుండె నిబ్బరమో అని అందరూ మెచ్చుకున్నారు. మెచ్చుకోవడానికేం, పోయింది వాళ్ళ బిడ్డ కాదు గదా!

ఏళ్ళు గడిచాయి. పెద్దక్కా పోయింది. కూతురు కృపాకుమారి అనంతపురంలో ఫోటోలు తీయడం నేర్చుకుంటూ, ఇంట్లోని పాత ఫోటోలను, వాటిలో మాదిరే మనుషుల్ని నిలబెట్టి మళ్ళీ తీసే పని పెట్టుకుంది. ఒక ఆదివారం పెరట్లో నైటీలు కత్తిరించే పొడుగు బల్ల వేసి, తెల్లగుడ్డ కప్పి, తల్లికి ఆనాటి తెల్లచీరే కట్టించింది.

"తమ్ముడు ఈడ పండుకోనుండాడు అనుకో మా. ఆ పొద్దు ఏం చేయాలనుకుంటివో అది చెయ్. ఎవరూ అడ్డం రారు."

ఎస్తేరు బల్ల పక్కన నిలబడింది, అచ్చం పాత ఫోటోలో మాదిరే. ఎంతసేపు నిలబడినా కంట్లో తడి లేదు.

"నాకు రాదు మే," అంది.

చూస్తున్న కృపకే ఆగలేదు. కెమెరా దించి వెక్కి వెక్కి ఏడ్చింది. ఎస్తేరు గబగబా వెళ్ళింది, ఓదార్చడానికే. అంతలో గోడ అవతల ఎవరో నడిచిన అలికిడి. ఆమె వేళ్ళు కూతురి మోచేతి పైన పట్టి గట్టిగా గిల్లాయి.

"గమ్మునుండు. ఎవరన్నా చూస్తారు."

కృప ఠక్కున ఏడుపు మింగేసింది. మొహంలో ఏమీ మిగల్లేదు. ఆ మొహం ఎస్తేరు ఎరుగును, పాత ఫోటోలో తనదే.

"అయ్యో నా తల్లీ, ఏం జేస్తి నేను!"

కూతురి చేతిమీద ఎర్రబడిన గోటిగుర్తు చూడగానే ఇన్నేళ్ళ ఏడుపూ తన్నుకొచ్చింది. వెళ్ళి బల్ల మీద పడింది. వాడి తల ఉండాల్సిన చోట, కాళ్ళు ఉండాల్సిన చోట రెండు చేతులా తడిమింది. ఆ రోజు తాకనిచ్చి ఉంటే చల్లగానైనా దొరికేవాడు. ఇప్పుడు గుడ్డ కింద ఒట్టి చెక్క తగిలింది.