ఎన్ అంటే నిమ్మాడ

నేను టెక్కలిలో ప్రభుత్వ వాహనాల వర్క్‌షాపుకు సీనియర్ ఫోర్‌మన్‌గా బదిలీ అయిన రెండో ఏడు, జూన్ నెలలో, బారువకు దగ్గరలోని ఒక సముద్రపు పల్లెకు వెళ్ళి ఒక పికప్ బండిని కండెమ్ చేయవచ్చో లేదో తేల్చమని ఉత్తర్వు వచ్చింది. కండెమ్ చేయడమంటే ఇక పనికిరాదని ధ్రువీకరించి, ఇనుప సామాను కింద వేలం వేయడం. ఫోర్‌మన్ పరీక్షించి రాస్తాడు, డివిజన్ ఇంజనీరు సంతకం పెడతాడు. ఆ రెండూ పడ్డాక బండికి దిక్కులేదు.

తుఫాను సాయానికి వచ్చిన ఒక విదేశీ సంస్థ వెళ్తూ వెళ్తూ ఆ బండిని ప్రభుత్వానికి అప్పగించింది. పాతది, పైగా ఆటోమేటిక్. క్లచ్ పెడల్ ఉండదు. గేర్లు దానంతటదే మార్చుకుంటుంది. డ్రైవరు ఒక పిడిని పి, ఆర్, ఎన్, డి, రెండు అనే గుర్తుల మీదకు జరిపితే చాలు. పి అంటే నిలిపి ఉంచడం, ఆర్ వెనక్కి, ఎన్ ఎటూ కాని తటస్థం, డి ముందుకు, రెండు అంటే ఎత్తు ఎక్కడానికి చిన్న గేరు. గేరుబాక్సు పిలోనో ఎన్‌లోనో ఉంటే తప్ప ఇంజను స్టార్టవదు. ఊళ్ళో కిడ్నీ జబ్బున్నవాళ్ళను పలాసకు డయాలిసిస్‌కు తీసుకెళ్ళడానికి ఆ పల్లెకు ఉన్నది ఆ ఒక్క బండే. పలాస మెకానిక్కులు చూసి, గేరుబాక్సు పోయింది, విదేశం నుంచి కొత్తది తెప్పించాల్సిందే అన్నారట.

నేను వెళ్ళేసరికి బండి ఇసకలో నిలబడి ఉంది. దాని వెనక కొక్కేనికి మోకు కట్టి, ఆ మోకు చివర పడవ లంగరు ఇసకలో దిగవేసి ఉంది.

డ్రైవరు ఎర్రయ్య, వేటకు వెళ్ళే మనిషి. లంగరెందుకని అడిగాను.

"నేకపోతే ఎలిపోద్ది కద బాబూ" అన్నాడు.

లంగరు ఎత్తించి, ఎలా నడుపుతున్నావో చూపించమన్నాను. ఆర్‌లో పెట్టి స్టార్ట్ చేశాడు. ఎన్‌లో పెట్టాడు, బండి ముందుకు పోయింది. పిలో పెట్టాడు, వెనక్కి వచ్చింది. ఎర్రయ్యకు ఇంగ్లీషు అక్షరాలు తెలుసు గాని మాటలు రావు. అందుకని అర్థాలు తనే కట్టుకున్నాడు.

"పి అంటే పల్లె. ఎనక్కి ఇంటికొచ్చీడానికి. ఆర్ అంటే రెస్టు. ఎన్ అంటే నిమ్మాడ. పలాస మీంచి అలగే సూటిగా ఎల్తే నిమ్మాడే కద. డి అంటే దిబ్బ. ఇసక దిబ్బ ఎక్కాలంటే అందులో ఎయ్యాల. గోల సేత్తాది గానీ ఎక్కుతాది."

మా స్వగ్రామం నిమ్మాడే. బానెట్ ఎత్తాను.

ఆటోమేటిక్ గేరుబాక్సులో మొదట చూసేది నూనె. ఇంజను వేడిగా తిరుగుతుండగా నూనె కొలిచే పుల్ల తీసి రంగు, వాసన చూడాలి. నల్లగా, మాడు వాసన వస్తే లోపలి పలకలు కాలిపోయినట్టు. ఇక్కడ నూనె ఎర్రగా, శుభ్రంగా ఉంది. కాబట్టి జబ్బు బయటే ఉండాలి. బండి కిందికి దూరి చూశాను. పిడి నుంచి గేరుబాక్సుకు వెళ్ళే కేబులు చివరను పట్టి ఉంచే ప్లాస్టిక్ బుష్షు ఉప్పుగాలికి పొడిపొడిగా రాలిపోయింది. ఎర్రయ్య ఆ చోట వల నూలుతో గట్టిగా ముడివేశాడు. ఆ కట్టులో కేబులు ఒక మెట్టు పక్కకు జరిగింది. పిడి పి మీద ఉంటే గేరుబాక్సు ఆర్‌లో ఉంటోంది, ఆర్ మీద ఉంటే ఎన్‌లో, ఎన్ మీద ఉంటే డిలో ఉంటోంది. నిలిపి ఉంచే మెట్టు మాత్రం ఎంత జరిపినా అందదు. లంగరు అవసరం అలా వచ్చింది.

ఒక రబ్బరు బుష్షును చెక్కి అమర్చి, కేబులు సరిచేసి, ఇకనుంచి ఏ గుర్తు దేనికో ఎర్రయ్యకు చెప్పాను. అర్థమయిందన్నాడు. ఇంతలో ఇంజనీరుగారు జీపులో వచ్చారు. రోజూ నడిపే డ్రైవరే పరీక్షలో నడపాలన్నది నిబంధన. ముందు సీట్లో పోలమ్మ అనే పెద్దామె అప్పటికే ఎక్కి కూర్చుంది. ఆ రోజు ఆమె డయాలిసిస్ రోజు.

ఎర్రయ్య చెయ్యి అలవాటుగా ఆర్ మీదికి పోయింది. తాళం తిప్పితే చప్పుడు లేదు. రిపేరు చేశాక స్టార్టవడం కూడా మానేసిందేమిటని ఇంజనీరుగారు అడిగారు. నేను పిలో పెట్టించి స్టార్ట్ చేయించాను. ఎర్రయ్య ఎన్‌లో పెట్టి తొక్కాడు. ఇంజను అరిచింది, బండి కదల్లేదు.

"నిమ్మాడ పోనాది బాబూ!" అని కేక పెట్టి, కంగారులో రెస్టు అనుకుని ఆర్‌లోకి లాగాడు.

బండి ఒక్క ఉదుటున వెనక్కి దూకింది. ఎండబెట్టిన చేపల మీదుగా వెళ్ళి వలల కుప్పలో దిగబడి ఆగింది. వెనక నిలబడిన ఇంజనీరుగారు అప్పటికే ఒడ్డునున్న పడవలోకి ఎక్కేశారు. అక్కడినుంచే, చెప్పు ఊడిన ఒక కాలు ఎత్తిపట్టుకుని, కండెమ్ అని ప్రకటించారు.

పోలమ్మ సీట్లోంచి కదల్లేదు. "బండిని కండెం సేత్తే నన్నూ సేసీండి బాబూ. ఇయ్యాల ఎల్లకపోతే రేపటికి ఒళ్ళు ఉబ్బిపోద్ది. ముందుకెల్తాదో ఎనక్కెల్తాదో నాకెందుకు, పలాస ఎల్తే సాలు" అంది.

ఇంజనీరుగారు పడవ దిగలేదు గాని, మళ్ళీ చూడమని నాకు సైగ చేశారు.

కేబులును మళ్ళీ పాత తప్పులోనే కడితే ఎర్రయ్య హాయిగా నడుపుతాడు. కానీ నిలిపి ఉంచే మెట్టు లేని బండి రోగులను మోయవచ్చని నేను సంతకం పెట్టలేను. ఎర్రయ్య చేతిని మార్చడానికి వ్యవధి లేదు. మిగిలింది అక్షరాలే. పడవలకు పేర్లు రాసే తెల్ల రంగు తెప్పించి, ఇంగ్లీషు గుర్తులను గీకేసి, పైనుంచి కిందికి వరసగా రాశాను: లంగరు, పల్లె, రెస్టు, నిమ్మాడ, దిబ్బ.

ఎర్రయ్య ఒకసారి చదువుకున్నాడు. లంగరులో స్టార్ట్ చేసి, నిమ్మాడలో వేశాడు. బండి మెత్తగా కదిలింది. "ఇలగ రాసుంటే ఎవులైనా తోల్తారు కద బాబూ" అన్నాడు, విదేశీ కంపెనీ మీద కొంచెం కోపంగా.

ఇంజనీరుగారు పడవలోంచి దిగి వెనక సీట్లో కూర్చున్నారు. పలాస దాకా వచ్చారు. దారిలో ఒకే ప్రశ్న వేశారు, దిబ్బ అంటే ఏ గేరని. చెప్పాను. పోలమ్మ ఆలస్యంగా చేరింది, అయినా ఆమెకు డయాలిసిస్ మంచం దొరికింది. ఆ సాయంత్రమే బండి పనికివస్తుందని సంతకాలు పడ్డాయి.

తరవాత ఆడిట్ నుంచి ఒక అభ్యంతరం వచ్చింది. నివేదికలో "నిమ్మాడ గేరు సవ్యంగా ఉన్నది" అని రాసినందున, ఈ వాహనం నిమ్మాడ దాటి వెళ్ళగలదా లేదా తెలుపగలరని అడిగారు. వెళ్ళగలదని జవాబిచ్చాను. అభ్యంతరం ఎత్తివేశారు.

గేరుబాక్సు పోయిందన్న ఫిర్యాదు వస్తే, దాన్ని విప్పే ముందు బయటి కేబులు చూడాలన్నది మాన్యువల్లోనే ఉంది. బాగుచేసిన బండిని అప్పగించే ముందు, పాత జబ్బుతో డ్రైవరు ఏమేం అలవాటు చేసుకున్నాడో అతని మాటల్లోనే చెప్పించుకోవాలన్నది అందులో లేదు. రిటైరయ్యేవరకు మా వర్క్‌షాపులో నేను రెండూ చేయించాను.