దూరపు లెన్సు, దగ్గరి మెడ

జూమ్ లెన్సు కొన్నవాళ్ళు లోకంలో చాలామంది ఉంటారు. కొన్న నాలుగు నెలలకే ఆ లెన్సు ధర్మమా అని చీర కట్టుకోవాల్సి వచ్చినవాణ్ణి మాత్రం, నాకు తెలిసి, యానాంలో నేనొక్కణ్ణే. ఇప్పుడు తల్చుకుంటే నవ్వొస్తుంది గానీ ఆ రోజు గోదాట్లో దూకేద్దామనిపించింది. ఈత వచ్చినవాడు దూకినా లాభం లేదని ఊరుకున్నాను.

అప్పటికింకా రీళ్ళ కాలమే నడుస్తోంది. ఫోటో తీయడం, రీలు కాకినాడ ల్యాబుకి పంపడం, ఏమొచ్చిందో తెలిసేదాకా దేవుడి మీద భారం వేయడం. మెయిన్ రోడ్డు మీద అగ్గిపెట్టెలాంటి గదిలో నాకో స్టూడియో ఉండేది. యానాంలో మందు చవక గనక, పక్క జిల్లా నుంచి రోజూ బస్సుల నిండా జనం దిగేవారు. వాళ్ళెవరూ ఫోటోల కోసం దిగేవారు కాదని మీకు వేరే చెప్పక్కర్లేదు.

నాకున్నది ఒక కెమెరా, దానికి జూమ్ లేని పాత లెన్సు. దాంతోనే పాస్‌పోర్టు ఫోటోల నుంచి పెళ్ళిళ్ళ దాకా నెట్టుకొస్తూ, ఒకసారి చర్చిలో పెళ్ళి ఒప్పుకున్నాను. ప్రార్థన జరిగేటప్పుడు ఈ మెట్టు దాటి రాకూడదు బాబూ అని పాస్టరుగారు ముందే మెత్తగా చెప్పారు. నేను దాటలేదు. తీరా ఫోటోలు వచ్చాక చూస్తే, ఆ తర్వాత తీసిన కేకు మీది బొమ్మలే వధూవరుల కంటే పెద్దగా పడ్డాయి. పెళ్ళికూతురి తండ్రి ఆల్బమ్ అటూ ఇటూ తిప్పి, "ఇందులో మా అమ్మాయి ఎక్కడుందండీ?" అని మర్యాదగానే అడిగాడు. ఆ మర్యాదకి నాకు రెండు పూటలు అన్నం సయించలేదు. ఎంత దూరాన ఉన్న మొహాన్నయినా లాక్కొచ్చి దగ్గర కూర్చోబెట్టే లెన్సు కొనాల్సిందేనని తీర్మానించుకున్నాను.

కాకినాడలో కెమెరాల షాపాయన రెండు జూమ్ లెన్సులు బల్ల మీద పెట్టాడు. ఒకటి పొట్టిది, ఒకటి పొడుగుది. పొడుగుదాన్ని తిప్పితే ఇంకా పొడుగయ్యేది. మీకు పెళ్ళిళ్ళూ స్టూడియోనే గదా, పొట్టిది తీసుకోండి, చిన్న గదిలోనూ పనికొస్తుంది, మండపం మీదా పనికొస్తుంది, ఆ పొడుగుది పిట్టల్ని తీసేవాళ్ళకని ఆయన నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. నేను పొడుగుది తగిలించుకుని అద్దంలో చూసుకున్నాను. సరిహద్దు కాపలా కాసే సైనికుడిలా ఉన్నాను. పొట్టిదానితో చూసుకుంటే నేను నాలాగే ఉన్నాను. ఇరవై నాలుగేళ్ళ వయసులో మనిషికి తనలాగే ఉండటాన్ని మించిన అవమానం లేదు. పొడుగుదే కొన్నాను. డబ్బు చాలకపోతే పాత లెన్సు కూడా అక్కడే ఇచ్చేశాను. ఇల్లు దోచిన దొంగ కూడా ఒక గిన్నె వదిలిపెట్టి వెళ్తాడు, నేను అదీ చెయ్యలేదు.

మర్నాడే తెలిసొచ్చింది. నా గదిలో ఆ లెన్సు పెట్టి చూస్తే ఎదుటి మనిషికి ముక్కూ మూతీ తప్ప మిగతావి పట్టడం లేదు. నిలువెత్తు ఫోటో కావాలంటే నేను గుమ్మంలోకి వెళ్ళాలి. కుటుంబమంతా పడాలంటే రోడ్డు దాటి కొబ్బరిబొండాల బండి పక్కన నిలబడాలి. ఒకాయన భార్యాబిడ్డలతో వచ్చి తెర ముందు కూర్చున్నాడు. నేను కెమెరా పట్టుకుని బయటికి నడిచేసరికి, ఏదో పనిమీద వెళ్తున్నాననుకుని పాపం చాలాసేపు ఎదురుచూశాడు. అవతలి గట్టు నుంచి నేను గడ్డం పైకెత్తండని అరుస్తున్నాను. మధ్యలో ఆటోలు పోతున్నాయి. ఆయన గడ్డం ఎత్తాడు, ఒక ఆటోడ్రైవరు కూడా ఎత్తాడు.

పక్క షాపు టైలరు వీర్రాజు ఈ వైభవమంతా చూసి, ఇలాగైతే వచ్చే నెల నువ్వు గోదావరి అవతలి ఒడ్డు నుంచి తీస్తావని దీవించాడు. వీర్రాజు నాకంటే రెండేళ్ళు పెద్ద. పెళ్ళి కాలేదు. నోరు మాత్రం కత్తెరకంటే పదును.

ఆ పరిస్థితుల్లో వచ్చింది కనకాలపేట దుర్గ పెళ్ళి. బేరం కుదుర్చుకున్నది దుర్గ మేనమామ సూరిబాబుగారు. తండ్రి లేని పిల్ల. తల్లి సత్యవతిగారు కువైట్‌లో ఎవరి ఇంట్లోనో వంటపనికి వెళ్ళి నాలుగేళ్ళయింది. ఈ పెళ్ళి ఖర్చంతా ఆవిడ చెమటే. పెళ్ళికి రానివ్వమంటే యజమాని సెలవివ్వలేదు. ఆవిడ తమ్ముడి సెల్‌ఫోనుకి ఫోన్ చేసి నన్ను పిలిపించుకుని మాట్లాడింది.

"వీడియో వద్దు బాబూ. ఇక్కడ ఈళ్ళ టీవీ మేం ముట్టుకోకూడదు. ఫోటో అయితే తలగడ కింద ఎట్టుకుంటాను. మిగతాయి ఎలా తీసినా పర్లేదు. తాళి కట్టేది మాత్రం దగ్గరగా తియ్యి. నేనూ ఆ పక్కనే నించుని చూసినట్టుండాలి."

ఇంకొకడైతే భయపడేవాడు. నేను కాలరెగరేసి, దూరాన్నుంచి కూడా దగ్గరగా తీసే లెన్సే నా దగ్గరుంది పిన్నీ, మీరు నిశ్చింతగా ఉండండని మాటిచ్చేశాను. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టని సామెత. నేను పిల్లికి బదులు లెన్సు పెట్టుకెళ్ళాను.

ఇంటి ముందు సందులో పందిరి వేశారు. మండపం మీద నిలబడితే నా లెన్సుకి పంతులుగారి చెవి తప్ప ఏమీ పట్టలేదు. అందుకని కిందికి దిగి, నాలుగో వరసలో కుర్చీ ఎక్కి నిలబడ్డాను. జీలకర్రా బెల్లం అద్భుతంగా కనిపించింది. తెర తీయడం అంతకన్నా అద్భుతం. దుర్గ కంటి కాటుకతో సహా దగ్గరికొచ్చేసింది. షాపాయన పిట్టల మాట గుర్తొచ్చి లోపల్లోపల నవ్వుకున్నాను.

గట్టిమేళం మోగింది. అంతే, పందిరి మొత్తం ఒక్కసారి లేచి, అక్షింతలు పట్టుకుని ముందుకు పడింది. మనవాళ్ళు తాళి కట్టేటప్పుడు కూర్చుని చూడరు. ఇది నాకు తెలియని విషయం కాదు. ఊహ తెలిసినప్పట్నుంచీ ప్రతి పెళ్ళిలోనూ అలా తోసుకుంటూ ముందుకు పోయినవాణ్ణే. లెన్సు కొన్నాక మర్చిపోయాను. వీపుల సందుల్లోంచి పచ్చటి తాడు ఒక మెరుపు మెరిసింది. మునివేళ్ళ మీద లేచి టకటకా నొక్కేశాను. ఒక్కటైనా పడకపోతుందా అనుకున్నాను.

పడలేదు. ల్యాబు నుంచి వచ్చిన కవరు విప్పితే ఒకదాంట్లో సూరిబాబుగారి వీపు, ఒకదాంట్లో గాల్లో నిలిచిపోయిన అక్షింతలు, వాటి వెనక ఇంకెవరిదో వీపు. ఒక పసివాడు మాత్రం తండ్రి భుజం మీంచి నా వైపు తిరిగి, సరిగ్గా ముహూర్తం వేళకి ఆవులిస్తూ బ్రహ్మాండంగా పడ్డాడు. దూరపు కొండలు నునుపంటారు. నా లెన్సులో దూరపు వీపులు అంతకన్నా నునుపుగా వచ్చాయి.

అప్పుడే సూరిబాబుగారు కబురు పంపారు. పక్కనున్న అడవిపొలం ఊరి నుంచి ఒకాయన ఆదివారం కువైట్ వెళ్తున్నాడట, ఆయన చేతికి ఆల్బమ్ ఇవ్వాలట. కొత్త దంపతులు హైదరాబాద్ వెళ్ళిపోయారు, మళ్ళీ కూర్చోబెట్టి తీద్దామంటే మనుషుల్లేరు. ఆల్బమ్‌లో అన్నీ ఉన్నాయి, ఆవిడ అడిగిన ఆ ఒక్కటి తప్ప. నాకు నిజంగా ఏడుపొచ్చింది. నాలుగేళ్ళు పరాయి పొయ్యి ముందు నిలబడి కూతురి పెళ్ళి చేసిన మనిషికి నేను పంపేది తమ్ముడి వీపా?

వీర్రాజు ఫోటోలన్నీ చూసి, కాసేపు టేపు మెడలో సర్దుకుని, ఉపాయం చెప్పాడు. "మొహం ఎవడిక్కావాలి? మెడా, తాడూ, ముడేసే చేతులూ. మధుపర్కం కడితే ఎనకనించి పెళ్ళికూతుళ్ళందరూ ఒకలాగే ఉంటారు. మనిషిని ముక్కా ముక్కా తియ్యడమే గదా నీ లెన్సు చేసే పని?"

ఎవరి మెడ అని అడిగాను. వాడు నా మెడ వంక చూశాడు.

శనివారం మధ్యాహ్నం. ఎవరో కుట్టుపనికిచ్చిన మధుపర్కాల చీర నాకు చుట్టబెట్టాడు వీర్రాజు. సవరం కట్టడానికి నా జుట్టు చాలకపోతే పిన్నులతో పొడిచి, పైన మూరెడు మల్లెపూలు కప్పాడు. ఇన్నాళ్ళకి ఆ లెన్సుకి నా గదిలో సరిపడే వస్తువు దొరికింది: గుమ్మంలో స్టాండు మీద పెడితే మెడ అచ్చంగా పట్టింది. టైమరు నొక్కి, పరుగున వచ్చి పీట మీద తలవంచుకు కూర్చున్నాను. వీర్రాజు పసుపుతాడు పట్టుకుని, పెళ్ళికాని నా చేత్తో తొలి తాళి నీకు కట్టాల్సొచ్చిందని గొణుగుతూ మూడు ముళ్ళూ వేశాడు. టైలరు వేసిన ముడి, ఊడుతుందా?

అదే సమయానికి మా అమ్మ క్యారేజీ పట్టుకుని వచ్చింది.

ఆవిడ నన్ను చూసింది, పూలు చూసింది, తాడు చూసింది, తాడు చివర వీర్రాజుని చూసింది. క్యారేజీ జాగ్రత్తగా కింద పెట్టి, స్టూలు మీద కూలబడి, "సంబంధాలు చూత్తానే ఉన్నాం గదరా, ఇంతలో ఏం తొందరొచ్చిందిరా?" అంది. ఎంత చెప్పినా నమ్మలేదు. తాడు కోయబోతే, శనివారంపూట తాళి తెంపకూడదని కత్తెర లాగేసుకుంది. చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని ఆ రాత్రి తాడుతోనే పడుకున్నాను. పొద్దున్నే కాకినాడ నుంచి ఫోటో కడిగించుకొచ్చి ఆల్బమ్‌లో అతికించాను. ఒట్టు, నేను తీసినవాటిలో అంత మంచి క్లోజప్ ముందూ లేదు, తర్వాతా లేదు.

కువైట్‌లో సత్యవతిగారు ఆల్బమ్ చూసుకుని, ఫోటో బాగుందని నాకు చెప్పమన్నారని సూరిబాబుగారు వచ్చి చెప్పారు. వీర్రాజు లడ్డూలు తెప్పించాడు. నా వంతు కూడా వాడే తిన్నాడు. ఒక తల్లిని నా మెడతో మోసం చేశాను. ఇలాంటి పాపానికి ఏ నరకంలో ఏ శిక్ష వేస్తారో చెప్పగల పంతులు కూడా దొరకలేదు.

రెండేళ్ళ తర్వాత సత్యవతిగారు కువైట్ నుంచి వచ్చేసి, ఒకరోజు నేరుగా నా స్టూడియోకొచ్చారు. సన్నటి మనిషి, భుజాన సంచీ. నేను వంగి కుర్చీ తుడిచి కూర్చోబెట్టాను. ఆవిడ సంచీలోంచి ఆ ఫోటో తీసి బల్ల మీద పెట్టింది. అంచులు అరిగిపోయాయి.

"ఈ మెడ ఎవరిది బాబూ?"

"దుర్గదే కదా పిన్నీ."

"దుర్గకి పురిటినాడు మొదలుకుని తలంటి పోసిందాన్ని. ఇటు చూడు, పైన నలుపు, కింద తెలుపు, మధ్యలో కాలరు గీత. మా దుర్గ చొక్కా ఎప్పుడు తొడిగింది?"

ఎప్పుడు తెలిసిందని అడిగాను.

"చూసిన నిమిషానే. ఎవరిదో తెలీలేదు. ఇందాక నువ్వు వంగి కుర్చీ తుడుత్తా ఉంటే తెలిసింది."

క్షమించమని కాళ్ళ మీద పడబోయాను. ఆవిడ ఆపింది. ముందు బాగా ఏడిచానంది. పిల్ల మెళ్ళో తాళి పడటం నేను చూళ్ళేదు, ఇంక చూళ్ళేను, అది నువ్వు తెచ్చివ్వలేవంది. నేను తల దించుకున్నాను. తర్వాత ఆవిడే నెమ్మదిగా, "కానీ నా కోసం ఎవడో మగాడు చీర కట్టుకుని మెడ వంచాడని అర్థమైంది. ఆ ఇంట్లో ఏడుపొచ్చినప్పుడల్లా ఇది తీసి చూసేదాన్ని. నవ్వొచ్చేసేది. రెండేళ్ళు దీంతోనే గడిచిపోయాయి" అంది.

ఆ మాటకి నేనూ ఏడ్చేవాణ్ణే గానీ, ఆవిడ సంచీలోంచి, ఆ మెడ ఎవరిదైతే వాళ్ళకిద్దామని తెచ్చిన పసుపూ కుంకుమా, రెండు అరటిపళ్ళూ, మెరిసే జాకెట్టు ముక్కా తీసి నా చేతిలో పెట్టి, నా నుదుటన బొట్టు పెట్టేసింది. "నువ్వింక నాకు పెద్దమ్మాయివి. తాళి పడ్డ పిల్లని ఉత్త చేతుల్తో చూత్తే బాగోదు. అల్లుడుగారు కులాసాయేనా?" అంటూ, ఫోటోలో ముడేసే వేళ్ళకంటిన టైలరు సుద్ద చూపించి, పక్క షాపు వైపు చూసింది. గుమ్మంలోంచి తొంగిచూస్తున్న అల్లుడుగారు మిషను కిందికి దూరిపోయారు.

కాబట్టి, నాకు అన్నం పెట్టే కెమెరా మీద చెయ్యి వేసి, సమస్త పెళ్ళివారి సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ లెన్సు కొన్నా అద్దంలో చూసుకుని కొనను. గట్టిమేళం మోగేసరికి పంతులుగారు మోచేత్తో పొడిచినా పెళ్ళికొడుకు పక్కనుంచి కదలను. ఆ జాకెట్టు ముక్క ఉత్తినే కుట్టిపెడతానని వీర్రాజు ఇప్పటికీ నా వెంట పడుతున్నాడు. ప్రాణం పోయినా వాడికి కొలతలివ్వను.