వార్సినక్క పలచటి కళ్లు

మా అద్దకపు ఊరు లాసెంలో వార్సినక్కలా చుక్క పెట్టే మనిషి లేదు. రంగులో ముంచే ముందు, కరిగిన మైనం కారే కలంతో ఆమె బట్ట మీద పెట్టిన చుక్క ఆవగింజలో సగం ఉండేది. నావి మిరియాలు. పాతికేళ్లు పక్క పీట మీద కూర్చున్నదాన్ని, ఒప్పుకోక తప్పదు.

ఆరేళ్ల కిందట ఊళ్లో ఉచిత కంటి శిబిరం పెట్టారు. యంత్రం అక్క కంటి వెనక పొరను ఫొటో తీసి కాగితం మీద ఎరుపు చూపించింది. నరాల పొర మామూలు కన్నా పలచగా ఉందని దానర్థం. “ఒక్క ఫొటోతో ఏమీ తేల్చలేం. ఆరు నెలలకు మళ్లీ రండి, పోల్చి చూద్దాం” అన్నాడు డాక్టరు. ఆ మాట ఎవరు విన్నారు? మాకు ఎరుపొక్కటే కనిపించింది.

చుక్కలు కళ్లను తినేస్తాయని మా అద్దకం వాళ్ల నమ్మకం. నా నోరు ఊరుకోలేదు. “మా మేనత్త ఇలాగే గుడ్డిదైపోయిందక్కా. ఉన్న పొరనైనా మిగుల్చుకో” అన్నాను.

మర్నాడే అక్క కలం కడిగి గోడ సందులో గుచ్చేసింది. కూతురు రెత్నో పెళ్లికి తాను కట్టుకోవాలని మొదలుపెట్టిన చిన్న నక్షత్రాల బట్ట సగంలో ఆగిపోయింది. అద్దకపు ఇళ్లలో పెళ్లికూతురి తల్లి ఆ బట్ట మీద చుక్కలు తన చేత్తోనే పెట్టుకుంటుంది.

బట్టలు ఉడకబెట్టి మైనం వదిలించే పనికి మారిందామె. కళ్లు పోతున్నాయని చెబుతారేమోనని మళ్లీ ఆసుపత్రి గడప తొక్కలేదు. మధ్యాహ్నాలు నా వెనక నిలబడి చూసేది. వేళ్లు ఊరికే కదులుతుండేవి.

“ఆ మూల వంకర పోయిందే సుమిరా.”

నువ్వే వెయ్యి అనబోయి నాలుక కరుచుకునేదాన్ని. రెత్నో పెళ్లికి అక్క బజారులో కొన్న అచ్చు గుడ్డ కట్టుకుంది.

మొన్న పట్నం నుంచి డాక్టర్లు వచ్చారు. బాగున్న కళ్లలోనే ఈ పొర ఒక్కొక్కరికి ఎంత తేడాగా ఉంటుందో కొలుస్తారట. నన్ను పిలిస్తే, బతిమాలి అక్కనూ తీసుకెళ్లాను. ఆమె సంచిలోంచి పాత కాగితం తీసింది. ఆరేళ్లూ ఆ సగం బట్ట మడతలోనే దాచిందట.

డాక్టరమ్మ కంటి ఒత్తిడి చూసింది, పక్కలకు ఎంతమేర కనిపిస్తుందో చూసింది, పాత ఫొటోనూ కొత్త ఫొటోనూ పక్కపక్కన పెట్టింది. “ఏమీ తగ్గలేదమ్మా. మీ కంటి గుడ్డు కాస్త పొడుగు, అందుకే పొర పలచన. బాగున్నవాళ్లలో మందం వాళ్లూ ఉంటారు, పలచటి వాళ్లూ ఉంటారు. ఆ యంత్రం పోల్చి చూసే కొలతలు వేరే రకం కళ్లున్న మనుషులవి.”

“అంటే జబ్బు లేదా?”

“లేదు.”

అక్క పాత కాగితాన్ని మళ్లీ మడత పెట్టింది. “బట్టల్లో పలచనిదే మేలు రకమని అందరికీ చెప్పేదాన్ని నేనే” అంది.

దారిలో తప్పయిపోయిందన్నాను. తిట్టినా బాగుండేది. “కళ్లు బాగుండి కూడా నా కూతురి పెళ్లికి అచ్చు గుడ్డ కట్టుకున్నానే” అంది, అంతే.

ఇంటికొచ్చి కుంపటి రాజేసింది. సగం బట్ట పరిచి, కలం మైనంలో ముంచి, ఆగిపోయిన చోట పక్కనే ఒక చుక్క పెట్టింది. చుక్క మిరియమంత పడింది, అచ్చం నాదిలాగే.

దాన్నే చూస్తూ కూర్చుంది.

“కళ్లు ఉన్నాయే సుమిరా. చెయ్యి పోయింది.”

మళ్లీ కలం ముంచింది.