ఒడి దులపడం

మా ఊరి చర్చిలో ఆదివారం ఆరాధన అయ్యాక ఆడవాళ్ళు మెట్ల మీద నిలబడి, నడుముకు దోపిన కొంగు విప్పి ఒడి దులుపుకునేవారు. పాస్టరుగారి ఆశీర్వాదం, ఆమేన్, ఆ తర్వాత దులపడం. అదీ ఆరాధనలో భాగమేనని చిన్నప్పుడు నా నమ్మకం. గుంటూరులో ఒక పెళ్ళికి తీసుకెళ్తే, పెద్ద చర్చి గుమ్మంలో నిలబడి చొక్కా అంచులు పట్టుకుని భక్తిగా దులిపాను. పెళ్ళికొడుకు తరఫువాళ్ళు నాకు చీమలు పట్టాయనుకున్నారు.

అసలు సంగతి మిరప కల్లంలో ఉంది. ఎండబోసిన కాయల్లోంచి తెల్లబారిన తాలు కాయలు ఏరే కూలికి మా ఆడవాళ్ళు వెళ్తారు. పొద్దుగూకేవేళ ప్రతి మనిషీ కాయలు పోసిన పట్టా అంచున ఆగి, కొంగు విప్పి, దులిపి, కాయలేవీ దాచుకోలేదని చూపించి గాని రోడ్డెక్కదు. దులపమని ఎవరూ చెప్పరు. రైతు కుర్చీలో కూర్చుని ఫోను చూసుకుంటూ ఉంటాడు. చాలా పెద్దమనిషి, ఎవర్నీ పల్లెత్తు మాట అనడు. అన్నేళ్ళ అలవాటు మీద దేవుడి దగ్గర్నుంచి వచ్చేటప్పుడు కూడా మావాళ్ళ చేతులు వాటంతటవే కొంగు మీదికి పోయేవి. ఆయన దగ్గర దొంగిలించడానికి ఏముంటుందో మరి.

యూనివర్సిటీలో ఉండగా ఒక జిరాక్సు పుస్తకం నా చేతికొచ్చింది. ఇటలీలో జైల్లో పడి, ఒళ్ళు పాడైపోతుంటే ఒక మార్క్సిస్టు రాసుకున్న కాగితాలు. పాలించేవాడు పొద్దస్తమానం కర్ర పట్టుకు తిరగడు. బడి, గుడి, పేపరు, ఇంట్లో పెద్దల మాట, వీటన్నిటి చేతా మనతో ఔననిపిస్తాడు. కర్ర మూలన ఆనించి ఉంటుంది. నాకు అర్థమైనంతలో ఇదీ సారాంశం. జైలువాళ్ళకు అనుమానం రాకుండా ఆయన డొంకతిరుగుడుగా రాశాడట. నా మీద ఎవరి నిఘా లేకపోయినా, డిగ్రీ కాలేజీలో ఆయన గురించి నేను చెప్పే పాఠం అంతకంటే డొంకతిరుగుడుగా ఉంటుంది.

మొన్నటి మిరప సీజన్లో ఒక సాయంత్రం అమ్మనీ అక్కనీ బండి మీద తీసుకురావడానికి కల్లానికి వెళ్ళాను. ఆడవాళ్ళు వరసగా దులిపి వస్తున్నారు. అక్క దులపకుండా పట్టా దాటింది.

మా మేనమామ ఆ కూలీల ముఠాకి మేస్త్రి. చర్చిలో సంఘపెద్ద కూడా. పట్టా గాలికి లేవకుండా అంచున పెట్టే వెదురుకర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఏమే, మర్చిపోయావా?" అన్నాడు.

"మర్చిపోలా మామా. ఎందుకు దులపాలి?"

"అందరూ ఎందుకు దులిపారు?"

"వాళ్ళనడుగు. నన్ను దులపమంటే, అదిగో ఆయన్ని నోరు తెరిచి నువ్వు దొంగవి అనమను. అప్పుడు దులుపుతా."

రైతు ఫోను మీంచి తలెత్తాడు. "నేనేమన్నానమ్మా? నేనేమీ అన్లేదుగా," అని మళ్ళీ తల దించుకున్నాడు.

ఆయన అనలేదు కాబట్టి మామ కొట్టాడు. కర్ర అక్క నోటి మీద పడింది. ముందుపళ్ళు కాయల రాశిలో పడ్డాయి. రక్తం కూడా అక్కడే పడింది కానీ ఆ ఎరుపులో కనిపించలేదు. "కాయలకి చెమ్మ తగలనీకండి, బూజు పడతాయి," అన్నాడు రైతు. బాధ్యత గల మనిషి.

అక్క ఆయుధాలేమీ వెతుక్కోలేదు. రోజంతా మిరపకాయలు ఏరిన రెండు చేతుల్నీ మామ కళ్ళ మీద పెట్టి గట్టిగా నులిమింది. మామ పెట్టిన కేక పక్క పత్తిచేలో వాళ్ళని కూడా రప్పించింది. నేను మధ్యలోకి వెళ్ళి, చదువుకున్నవాణ్ణి కనక, "మామా, ఆ కర్ర నీది కాదు, వాళ్ళది," అన్నాను. మామ గుడ్డిగా తిప్పిన కర్ర నా ఎడమ చెవికి తగిలింది. అది ఎవరిదైతేనేం, దెబ్బ మటుకు మామదే.

ఆసుపత్రి అయ్యాక పోలీస్ స్టేషన్. ఎస్సైగారు నా బ్యాగులోంచి ఆ జిరాక్సు పుస్తకం తీసి అట్ట చదివారు.

"జైల్లో రాశాడా? ఏం కేసు?"

"ప్రభుత్వానికి వ్యతిరేకంగా, సార్."

"ఏ జైలు?"

"ఇటలీ సార్."

ఆయన పుస్తకం మూసి, "మన పరిధి కాదులే," అని తిరిగి ఇచ్చేశారు. మాది మాత్రం ఆయన పరిధే కాబట్టి ఊళ్ళో రాజీ చేసుకోమన్నారు.

రాజీ పాస్టరుగారి ఇంట్లో జరిగింది. అక్క మళ్ళీ కల్లానికెళ్ళి అందరి ముందూ ఒక్కసారి ఒడి దులిపితే చాలునట. లేదంటే రైతు ముఠా మొత్తాన్నీ మార్చేస్తాడు. చుట్టుపక్కల కల్లాలన్నీ ఆయన బంధువులవే.

"ఒక్కసారి దులిపితే ఏం పోద్దే నీకు?" అంది అమ్మ.

"పళ్ళు ముందే పోయాయిగా," అంది అక్క. పళ్ళు లేకపోవడం వల్ల ఆ మాట మెత్తగా వచ్చింది గాని, మనిషి మెత్తబడలేదు. "నా మాట మారదు. ఆయన్ని నోరు తెరిచి అడగమనండి."

సోమవారం ముఠా అంతా పనికెళ్ళింది. సాయంత్రం నేను ముందుగానే వెళ్ళి బండి పక్కన నిలబడ్డాను. ఆ రోజు రైతు ఫోను చూసుకోవడం లేదు. దులపడానికి అక్కనే ముందు రమ్మన్నారు. వెనక అమ్మ, ఆ వెనక మిగతావాళ్ళు. అక్క అంచున ఆగింది. చేతులు కిందికి వదిలేసి నిలబడింది.

మామ కర్ర ఎత్తాడు. కళ్ళు ఇంకా సరిగా తెరుచుకోక, ఆ కర్ర ఎక్కడ పడాలో తెలియక గాలిలో ఆగింది. రైతు లేచాడు, కుర్చీ వెనక్కి పడిపోయింది. కర్ర లాక్కుని అక్క వీపు మీద వేశాడు. మళ్ళీ వేశాడు. "దులపవే, దొంగముండా! అందరూ దొంగలే మీరు! దులపండే!"

అక్క మోకాళ్ళ మీద పడింది. లేచింది. "ఇప్పుడు అడిగావు," అంది. కొంగు విప్పి, అటొకసారి ఇటొకసారి చూపించి, దులిపింది. ఏమీ రాలలేదు. మాట ప్రకారం దులిపి రోడ్డెక్కింది.

తర్వాత అమ్మ. ఆమె చెయ్యి అప్పటికే నడుము దగ్గరుంది. నలభై ఏళ్ళుగా ఎవరూ అడగకుండానే దులిపిన మనిషి, అడిగిన ఆ సాయంత్రం రైతు మొహం కేసి చూసి, చెయ్యి దించేసి నడిచింది. ఆయన ఆమె భుజం మీద కొట్టాడు. ఆ వెనక వాళ్ళెవరూ వరసలో ఆగలేదు. నేనూ పరిగెత్తాను. ఆ తర్వాత కర్ర చాలా చేతులు మారింది. ఎవరెవరి చేతులో ఎస్సైగారి కాగితాల్లో కూడా స్పష్టంగా లేదు. రైతుగారి మోచెయ్యి విరిగిందని మాత్రం స్పష్టంగా ఉంది.

మాకు ఆ కల్లం పోయింది. ఆయన బంధువుల కల్లాలూ పోయాయి. వేటపాలెం వైపు జీడిపప్పు వలిచే పనికి కొందరు రోజూ బస్సెక్కి వెళ్ళొస్తున్నారు, వాళ్ళలో అక్కా ఉంది. మామ సంఘపెద్దగానే ఉన్నాడు, వాక్యం మాత్రం ఇంకొకళ్ళు చదివి పెడుతున్నారు. నా ఎడమ చెవి పనిచెయ్యదు కాబట్టి క్లాసులో అనుమానాలేమైనా ఉంటే కుడివైపు నుంచి అడగమంటాను.

ఆ కొట్లాట తర్వాతి ఆదివారం ఆమేన్ అయ్యాక అమ్మ మెట్ల మీదికొచ్చింది. చెయ్యి కొంగు మీదికి వెళ్ళింది, కొంగు విప్పింది కూడా. పక్కనే ఉన్న అక్క తలతిప్పి చూసింది.

"ఏంటే ఆ చూపు? చెమట పట్టింది," అని అమ్మ ఆ కొంగుతో మొహం తుడుచుకుని మెట్లు దిగింది.