అత్త పెట్టించిన రెయిలింగు

మా అత్త పోయింది. పోయిన మంగళవారం పొద్దున, నటబువాలో మా ఇంట్లోనే, చాయ్ తాగుతూ. మా నాన్నకి అక్క, నా భర్తకి తల్లి. తల్లిలేని నన్ను పెంచిందీ, కోడలిగా చేసుకుందీ ఆవిడే. సంతాపసభలో చదవడానికి నాలుగు మంచి మాటలు రాయమన్నారు. ప్రయత్నిస్తాను.

ముత్తాతలు చెరకు తోటల్లో కూలికి వచ్చిన ఈ దీవుల దేశంలో పుట్టి తెలుగు రాయగలుగుతున్నానంటే ఆవిడ చలవే. ఆదివారాలు భజన పుస్తకం ముందు పెట్టి, నా వేలు పట్టుకుని దిద్దించేది. మేనరికమంటే పక్కింటి హిందీవాళ్ళు నోరు నొక్కుకున్నారు. "మన పిల్ల మన ఇంట్లోనే ఉండాల, బేటీ," అంది అత్త. నేను ఎగిరి గంతేశాను.

మా పాప ఏడాదికే బాగా నడిచింది గానీ, నాలుగో ఏట తూలడం మొదలుపెట్టింది. ఏటా నిమోనియా. తొమ్మిదో ఏట మెడలో గడ్డ వస్తే కాన్సరన్నారు. రేడియేషన్ ఇక్కడ లేదని విదేశానికి తీసుకెళ్ళాం. నాండి ఎయిర్‌పోర్టులో అత్త పాప గడ్డం పట్టుకుని ఏడ్చింది.

నాలుగు రోజుల రేడియేషన్‌కే పాప మెడా గొంతూ కాలి పుండైపోయాయి. అక్కడి డాక్టరమ్మ రక్తపరీక్షలు చేయించి చెప్పింది: "ఒంట్లో డీఎన్ఏ తెగుతూ ఉంటుంది, శరీరం అతుకుతూ ఉంటుంది. మీ పాపకి ఆ అతికే పనిలోనే లోపం. రోగాలతో పోరాడే కణాలు తయారవడానికీ అదే కావాలి, అందుకే ఆ నిమోనియాలు. రేడియేషన్ తెంపింది తనకి అతకదు. ఆ లోపం తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండువైపులా వస్తేనే ఇలా అవుతుంది. మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?"

లేదన్నాను.

పాప లేకుండా తిరిగొచ్చాం. అప్పుడు చెప్పింది అత్త, వరండాలో నిలబడి.

"చిన్నోడు జ్వరంతో పోలే. వాడికీ ఇదే. ఆ రేడియేషన్ లైట్ పెట్టొద్దు, మనలో మనం షాదీ వద్దు అని డాక్టర్ అప్పుడే చెప్పినాడు. చెప్తే నిన్ను నాకు ఇవ్వరు అని డర్ అయింది."

చిన్నోడు ఆవిడ రెండో కొడుకు, ఈ దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో, డెబ్బైల్లో పోయాడు. నా భర్త అప్పుడింకా చిన్నపిల్లాడు, అతనికీ జ్వరమనే చెప్పారు. తెలిసిన మనిషి ఆవిడ ఒక్కతే. ఎయిర్‌పోర్టులో చెప్పినా సరిపోయేది. పాప బతికేదో లేదో, అలా కాలిపోయి మాత్రం పోయేది కాదు. నన్ను అంత ప్రేమించిన మనిషే నన్ను మోసం చేసింది.

ఆ తర్వాత పదకొండేళ్ళు వండిపెట్టాను, కాళ్ళు పట్టాను. అత్తా అని మాత్రం పిలవలేదు.

నిన్న బాత్రూమ్ దారిలో గోడకున్న చెక్క రెయిలింగు పీకేద్దామన్నాడు నా భర్త. పాప నడక నేర్చిన నెలలోనే, ఇంకా తూలడం మొదలవకముందే, అత్త దాన్ని పెట్టించింది. "నా మోకాళ్ళకి," అంది. పొట్టి మనిషి కదా అని నమ్మాను.

వద్దని చెప్పి, మొదటిసారి దాన్ని పట్టుకుని నడవబోయాను. బాగా వంగితే గానీ అందలేదు. అది నాలుగేళ్ళ పిల్ల చేతికి అందే ఎత్తు.