డాక్టరు వస్తారన్న మాట

రాహేలు తార్నాకలో ఒక చిన్న క్లినిక్‌లో పాతికేళ్లు నర్సుగా చేసి రిటైరైంది. బాపట్ల వైపు నుంచి పెళ్లయి వచ్చిన మనిషి. లాలాపేట్ గల్లీల్లో ఆమె చేతి సూది తగలని పిల్లలు తక్కువ. అందుకే వార్డు మహిళలకు రిజర్వు కాగానే పార్టీ నాయకుడు వెంకటకృష్ణ ఇంటికొచ్చి, కార్పొరేటరుగా నిలబడమని బతిమాలాడు. ఎక్కడికెళ్లినా "మన సిస్టరమ్మ" అంటూ తలుపులు తెరిచేవారు. ఓట్లు అడగబోతే షుగరు రిపోర్టులు చేతిలో పెట్టేవారు.

పోలింగు దగ్గరపడ్డాక ఫోన్లలో ఒక వీడియో తిరగడం మొదలైంది. కరోనా రోజుల్లో ఊపిరాడని ఆటో డ్రైవరును ఈమె క్లినిక్ వాకిట్లోనే కూర్చోబెట్టిందనీ, అతను అక్కడే ప్రాణం వదిలాడనీ అవతలివాళ్ల ప్రచారం. అప్పటినుంచి కొందరు ఆమెను చూసి లోపలికి వెళ్లిపోసాగారు. ఆ డ్రైవరు భార్య భాగ్య చేత "సిస్టరమ్మ తప్పేం లేదు" అనిపించి ఎదురు వీడియో తీయిద్దామన్నాడు వెంకటకృష్ణ.

భాగ్య యూనివర్సిటీ లేడీస్ హాస్టల్ మెస్‌లో వంట చేస్తుంది. రాహేలు ఒక్కతే వెళ్లింది. మెస్ వెనక మెట్ల మీద భాగ్య చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. వచ్చిన పని అడగకముందే తనే అంది.

"ఆక్సిజన్ లేకపోతే మీరేం చేస్తరు సిస్టరమ్మా, నాకు తెల్వదా? కానీ లేదని చెప్పలే. డాక్టర్ సాబ్ వస్తున్నడు, కూసోండ్రి అన్నరు. నమ్మి కూసున్నం. లేదంటే ఇంకో దవాఖానకన్నా ఉరుకుతుంటిమి గద."

ఆ రోజు డాక్టరు రారని రాహేలుకు తెలుసు. ఊళ్లో ఏ ఆసుపత్రిలోనూ మంచాలు ఖాళీ లేవు. పొమ్మనడానికి నోరు రాక, ధైర్యానికని ఆ మాట అంది. ఇన్నేళ్లూ దాన్ని దయే అనుకుంది. వీడియో సంగతి ఎత్తకుండానే లేచి వచ్చేసింది.

మర్నాడు తార్నాక మీటింగులో మైకు అందుకుని జరిగింది జరిగినట్టు చెప్పింది. "సిలిండరు ఖాళీ అని చెప్పాల్సింది. డాక్టరుగారు వస్తారని అబద్ధమాడాను. వేరేచోటికి వెళ్లే దారి కూడా వాళ్లకి లేకుండా చేశాను" అంది. వేదిక మీద వెంకటకృష్ణ తల పట్టుకున్నాడు.

ఓడిపోయింది. మరీ ఘోరంగా కాదు గానీ, ఓడిపోయింది. భర్త శాంసన్ ఎంత బతిమాలినా సరిగా తినలేదు. ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి గుమ్మంలో భాగ్య, పక్కనే అరుగు మీద ఆమె అత్త. ముసలామె కాలికి షుగరు పుండు.

"నేను మీకు ఓటెయ్యలే సిస్టరమ్మా" అంది భాగ్య. "ఈ కాలు ఉంటదా, పోతదా? ఉన్నది ఉన్నట్టు చెప్పుండ్రి."

రాహేలు కట్టు విప్పి, కాలిని వెలుతురులోకి తిప్పి చాలాసేపు చూసింది.

"వేలు పోతుంది. ఇవాళే పెద్దాసుపత్రికి తీసుకెళ్తే కాలు దక్కొచ్చు" అంది. చర్చికి కట్టుకెళ్లిన చీరైనా మార్చుకోకుండా వాళ్లతోపాటే ఆటో ఎక్కింది.