పెట్టె ఆ రోజు హాల్లోనే ఉంది

ఈ మాటను కడుపులో దాచుకుని ఏళ్లు గడిపాను. నా భార్యకు చెప్పలేదు. దేవుడికి కూడా నోరు తెరిచి చెప్పలేదు, ఆయనకు తెలియకుండా ఉంటుందా అని తప్పించుకున్నాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

నేను గోదావరిఖని బొగ్గు గనుల్లో పనిచేసి రిటైరయ్యాను. ఊరికే కూర్చోలేక కొందరం కలిసి ఒక సేవా సంఘం పెట్టుకున్నాం. కమిటీలో మా హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు అందరూ ఉండాలన్నాం. అధ్యక్ష పదవి కూడా వంతుల వారీగా మారాలన్నాం. మొదటి వంతు నాది. మా సంఘం చేసే పెద్ద పని ఒక్కటే. ఎవరింట్లో చావు జరిగినా, దూరాన ఉన్నవాళ్లు వచ్చి కడసారి చూసుకునేదాకా శవాన్ని ఉంచడానికి ఫ్రీజర్ పెట్టె ఉచితంగా పంపడం.

మొదట్లో పెద్ద పేచీ వచ్చింది. వేరే మతం వాళ్ల శవం పెట్టిన దాంట్లో మా నాయనను ఎలా పెడతామని జనం మొండికేశారు. దానికి కమిటీలో క్రైస్తవుల తరఫున ఉన్న గ్రేసు టీచర్ ఒక పద్ధతి చెప్పింది. పెట్టె తిరిగొచ్చాక దాన్ని కడిగేది పోయినవాళ్ల మతం వాళ్లు కాదు, మరో మతం వాళ్లు. మా వాళ్ల ఇళ్ల నుంచి వచ్చిన పెట్టెను కమిటీలోని యూసుఫ్ కడిగాడు. పెట్టెను బండి మీద చేరవేసేదీ, పెట్టె ఉంచే సంఘం హాలు తాళంచెవి దగ్గర పెట్టుకునేదీ అతనే. ముస్లింల ఇంటి నుంచి వచ్చినప్పుడు నేను కడిగాను. అది చూశాక జనం పేచీ మానేశారు. ఈ ఆలోచన నాదేనని ఊళ్లో చెప్పుకున్నారు. నేను కాదనలేదు.

తర్వాతి వంతు గ్రేసు టీచర్‌ది. అక్కడే నా బుద్ధి గడ్డి తిన్నది. ఆమె, యూసుఫ్ కలిసి టీ కొట్టు దగ్గర మాట్లాడుకుంటూ నన్ను చూసి ఆగిపోయారనిపించింది. నిజంగా ఆగారా? టీ వచ్చిందని ఆగారేమో. నాకలా తోచలేదు. వంతు వచ్చేదాకా కూడా ఆగలేక నన్ను దించడానికి మంతనాలు చేస్తున్నారని తేల్చుకున్నాను. ఆ రోజు నుంచి ఎవరు నవ్వినా నా మీదే అనుకున్నాను. ఎవరు ఫోను ఎత్తకపోయినా లెక్కలో రాసుకున్నట్టు మనసులో పెట్టుకున్నాను. అంత చిన్న కుర్చీ కోసమా అంటారు. నిజమే, చిన్నదే. కానీ గనిలో జీవితమంతా పై వాళ్లకు తల వంచి బతికిన నాకు, నలుగురు లేచి దండం పెట్టింది ఆ కుర్చీలోనే.

ఎండలు మండుతున్న రోజులు. యూసుఫ్ చెల్లెలిని చూడ్డానికి బెల్లంపల్లి వెళ్తూ తాళంచెవి నాకిచ్చాడు. ఆ పొద్దున్నే గ్రేసు టీచర్ ఫోను.

"అన్నా, మా ఆయన పోయిండు. జర పెట్టె పంపియ్యుండ్రి. రూతు కువైట్ కెళ్లి బయల్దేరింది, రేపు పొద్దుగాలకు గాని రాదు."

రూతు వాళ్ల ఒక్కగానొక్క బిడ్డ. కువైట్‌లో నర్సు, అక్కడి నుంచే రావాలి. ఆ పిల్ల వస్తోందని నాకు తెలియక కాదు, విన్నాను, అర్థమైంది కూడా. అయినా నా నోరు ఇలా అన్నది: "అయ్యో టీచరమ్మా, పెట్టె గీ పక్కన జైపూర్ పోయిందట. ఎప్పుడొస్తదో కనుక్కుంట."

పెట్టె హాల్లో నా ఎదురుగానే ఉంది. ఖాళీగా ఉంది.

ఇవ్వకూడదనుకోలేదు. ఈ మాట నమ్మండి, నమ్మకపోయినా సరే. మధ్యాహ్నం దాకా ఆగి, జైపూర్ నుంచి నీ కోసం తెప్పించానని నేనే తీసుకుపోదామనుకున్నాను. అప్పుడు ఆమె నాకు బాకీ పడుతుంది, వంతు అడగడానికి మొహమాటపడుతుంది. ఛీ! శవం పక్కన కూర్చున్న మనిషితో బేరం ఆడాను.

పెట్టె వచ్చిందని చెబుదామని ముందుగా నేను వెళ్లేసరికి ఇంటి ముందు శవపేటిక మూసేశారు. ఐసు గడ్డలు ఆ ఎండకు ఆగలేదట, పెద్దలు ఇక ఉంచొద్దన్నారట. పెట్టె దొరకలేదని రూతుకు ఫోనులో చెప్పేశారట. మేకులు కొట్టిన మూతను చూస్తూ నిలబడ్డాను. పెట్టె ఊసెత్తకుండా జనంలో కలిసిపోయాను. సమాధుల దాకా నడిచాను, మట్టి కూడా వేశాను. హాలుకు తిరిగొచ్చి పెట్టె మీద రెండు బకెట్ల నీళ్లు గుమ్మరించాను, ఎవరో కడిగినట్టు కనబడాలని.

తర్వాత కమిటీ కూర్చుంది. జైపూర్‌కు పెట్టె ఎవరిచ్చారు? యూసుఫ్ చాటుగా కిరాయికి ఇచ్చి ఉంటాడని ఒకాయన అన్నాడు. యూసుఫ్ నా వైపు తిరిగాడు.

"అన్నా, చెవి నీకే ఇచ్చి పోయిన గద."

"నాకు ఒక్కటిచ్చినవు. నీ దగ్గర ఇంకోటి లేదని నేనెట్ల చెప్పాలె?"

అతను నా ముఖంలోకి చూశాడు. నేను ఫ్యాను వైపు చూశాను. అతను లేచి చెప్పులేసుకుని వెళ్లిపోయాడు, మళ్లీ సంఘం గడప తొక్కలేదు. గ్రేసు టీచర్ తన వంతు వద్దంది. చప్పట్లతో నన్నే ఉంచారు.

ఆమెకు తెలుసా? ఈ ప్రశ్న నన్ను తినేస్తోంది. "బాగున్నవా అన్నా" అని అడిగితే ఆ "అన్నా"లో ఏదో ఉందనుకుంటాను. అడగకపోతే తెలిసిపోయిందనుకుంటాను. అప్పట్లో వాళ్లు నా గురించి మాట్లాడుకున్నారో లేదో ఈనాటికీ తెలియదు. అడగడానికి నాకు ముఖం లేదు.

మొన్న రూతు సెలవు మీద వచ్చి మా ఇంటికొచ్చింది. నీళ్లు తాగి, గ్లాసు చేతిలోనే పెట్టుకుని కూర్చుంది.

"కాకా, ఆ దినం నువ్వు మట్టికి పోయినవట గద. డాడీ మొఖం ఎట్లుండె? అమ్మను అడిగితే ఏడుస్తది. నువ్వన్న చెప్పు."

"నిమ్మళంగ ఉండె బిడ్డా. నిద్రపోయినట్టే."

"నొప్పి పడ్డట్టు లేకుండెనా?"

"లేదు బిడ్డా. జర నవ్వినట్టే ఉండె."

ఆ పిల్ల నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది. "గిది చాలు కాకా, ఇన్నేండ్లు గిది కోసమే ఫికర్ చేసిన" అంది.

అందుకే రాస్తున్నాను. పెట్టెను యూసుఫ్ ఎవరికీ ఇవ్వలేదు. అబద్ధం చెప్పింది నేను. చెప్పేశాను, ఇప్పుడు కాస్త ఊపిరి ఆడుతోంది. క్షమించమని అడగను, అడిగే హక్కు లేదు. ఒక్క మాట మిగిలింది, అదీ చెప్పేస్తాను. నేను వెళ్లేసరికే మూత వేసేశారు. ఆ ముఖం నేను చూడలేదు.